డెంటిస్టు భయం: పూర్తి మత్తులో ఒకేసారి చేయించుకోవాలా, మెల్లగా అలవాటు పడాలా?

చెరువుగట్టు (ఉండి దగ్గర):

నాకు 42 ఏళ్ళు. రొయ్యల చెరువులు చేస్తాను. అర్ధరాత్రి కరెంటు పోతే జనరేటర్ వేయడానికి గట్టు మీద ఒక్కణ్ణే పరిగెడతాను, కాళ్ళ దగ్గర పాము కనబడినా ఆగను. పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళి మాత్రం 33 ఏళ్ళయింది. తొమ్మిదేళ్ళప్పుడు పిప్పి పన్ను పీకించడానికి మా నాన్న ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళారు. ఇద్దరు నా చేతులు గట్టిగా పట్టుకున్నారు. మత్తు ఎక్కిందో లేదో ఎవరూ అడగలేదు. పటకారు పంటి మీద నుంచి జారిన చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది.

ఇప్పుడు కింద కుడివైపు దవడ పన్ను సగం విరిగింది. చిగురు మీద చిన్న పొక్కు లేచింది, నొక్కితే చీము వస్తుంది. ఏడాదిగా ఎడమవైపే నములుతున్నాను. లవంగ నూనె సీసా ఇంట్లో ఒకటి, చెరువు మీద షెడ్డులో ఒకటి. పోయిన నెల భీమవరంలో ఒక క్లినిక్ మెట్ల దాకా వెళ్ళాను. లోపల డ్రిల్ మోగింది. ఆ చప్పుడు, ఆ మందు వాసన... అరచేతులు తడిసిపోయాయి. బండి తీసుకుని వెనక్కి వచ్చేశాను.

పూర్తి మత్తు ఇప్పించుకుంటే నీకు తెలియకుండానే అన్నీ ఒకేసారి అయిపోతాయి అంటుంది మా ఆవిడ. అలా చేయించుకుంటే భయం అలాగే ఉండిపోతుంది, మెల్లగా అలవాటు చేసుకో బావా అంటాడు మా బావమరిది. ఎవరి మాట వినాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. "మగాడివై ఉండి ఇంత భయమా" అని మాత్రం దయచేసి రాయకండి. ఆ మాట ఇంట్లో చాలాసార్లు విన్నాను.

కొబ్బరితోట (అంబాజీపేట):

అన్నయ్యా, నా ఓటు వదిన గారికే. నాలుగేళ్ళ క్రితం నేను అలాగే చేయించుకున్నాను. ముందురోజు రక్త పరీక్షలు, ఈసీజీ. రాత్రి నుంచి ఏమీ తినకుండా పొద్దున్నే వెళ్ళాను. మత్తు డాక్టరు గారు చేతికి సూది పెట్టి ఏ ఊరమ్మా అని అడిగారు. ఊరి పేరు సగం చెప్పినట్టు గుర్తు. కళ్ళు తెరిచేసరికి నోట్లో దూది. ఐదు పళ్ళు తీసేశారు, మూడింటికి సిమెంట్ వేశారు.

భయం పోయిందా అంటే పోలేదు. చీము పోయింది, నాకు అదే ముఖ్యం. మా పెదనాన్న ధైర్యం వచ్చాక వెళ్తానని ఏడాది ఆగారు. ఒక రాత్రి దవడ కింద నుంచి మెడ దాకా వాచిపోయింది, ఉమ్మి కూడా మింగలేకపోయారు. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. మనకు ధైర్యం వచ్చేదాకా చీము ఆగదు అన్నయ్యా.

రేవు దాటి (సఖినేటిపల్లి):

మెల్లగా అలవాటు పడడం పట్నంలో ఉన్నవాళ్ళకి కుదురుతుంది. మా అమ్మని నరసాపురం తీసుకెళ్ళాలంటే పంటు దాటాలి, గోదావరి పోటు మీదుంటే అదీ ఆగిపోతుంది. ఊరికే కుర్చీలో కూర్చుని రావడానికి ఒక రోజు కూలి పోగొట్టుకునేదెవరు? పైగా పై పళ్ళు పీకిస్తే చూపు పోతుందని అమ్మ గట్టిగా నమ్ముతుంది. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ మా వీధిలో అందరూ అదే అంటారు.

దవడపన్ను (డెంటిస్టుని, 19 ఏళ్ళుగా డెల్టాలోనే ప్రాక్టీసు):

ముందు అమ్మగారి సంగతి. పై పళ్ళ నరమూ చూపు నరమూ వేరువేరు. పై పన్ను తీస్తే కళ్ళకి ఏమీ కాదు. ఎక్కువమంది చూపు మందగించే వయసులోనే పళ్ళు తీయించుకుంటారు కాబట్టి ఆ రెండిటికీ ముడి పెట్టేశారు.

చెరువుగట్టు గారూ, మీకు జరిగింది చదివితే బాధేసింది. మనం ఇప్పుడు వాడే లిగ్నోకెయిన్ అనే మత్తుమందుని స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లోనే తయారుచేశారు. మీకు పన్ను పీకిన నాటికి అది కొత్త మందేమీ కాదు. లేనిదల్లా అది ఎక్కేదాకా ఐదు నిమిషాలు ఆగే ఓపిక. కింది దవడకి సూది వేశాక సగం పెదవి బరువెక్కాలి. పెదవి బరువెక్కిందా అని అడగకుండా నేను పన్ను ముట్టుకోను. ఎక్కలేదంటే మళ్ళీ వేస్తాను.

ఇంకో రెండు సంగతులు రోగులకి ఎవరూ చెప్పరు. ఆ మందులో చాలాసార్లు అడ్రినలిన్ కలిపి ఉంటుంది. సూది వేసిన కొద్దిసేపటికి కొందరికి గుండె దడదడలాడేది దానివల్లే, కొన్ని నిమిషాల్లో తగ్గిపోతుంది. ముందే భయంతో వచ్చినవాళ్ళు ఏదో అయిపోతోందని కంగారు పడతారు. రెండోది, చీము పట్టినచోట కణజాలం ఆమ్లంగా మారి మత్తుమందు సరిగా పనిచేయదు. "నాకసలు మత్తే ఎక్కదు డాక్టరు గారూ" అని నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది బాగా ముదిరాక వచ్చినవాళ్ళే. భయపడి ఆగారు, ఆగినందుకు నొప్పి పెరిగింది, ఆ నొప్పితో భయం ఇంకా పెరిగింది.

పూర్తి మత్తు తప్పని నేను అనను. కానీ దానికి ఆపరేషన్ థియేటరు కావాలి, మత్తు డాక్టరు కావాలి. రూట్ కెనాల్ అంటే పన్ను తీయకుండా లోపల శుభ్రం చేసి మూయడం, అది కొన్నిసార్లు రెండుమూడు సిట్టింగులు పడుతుంది, ప్రతిసారీ పూర్తి మత్తు ఇవ్వలేం కదా. అందుకే నిలబెట్టగలిగిన పళ్ళు కూడా తీసేయాల్సి వస్తుంది. కొబ్బరితోట గారికి పోయిన ఐదింటిలో ఒకటో రెండో నిలిచేవేమో.

మధ్యలో ఇంకో దారి ఉంది. ముందుగా కంగారు తగ్గించే మాత్ర ఒకటి వేసుకుని, తోడు మనిషితో రావడం. ఆ రోజు బండి నడపకూడదు, మాత్ర డాక్టరే ఇవ్వాలి. కొన్నిచోట్ల ముక్కుకి మాస్కు పెట్టి నైట్రస్ ఆక్సైడ్ అనే గ్యాసు ఇస్తారు. మెలకువగానే ఉంటారు గానీ కంగారు తగ్గుతుంది. అన్ని క్లినిక్‌లలో ఉండదు, ముందు ఫోన్ చేసి అడగండి. భీమవరంలో, రాజానగరంలో డెంటల్ కాలేజీలు ఉన్నాయి, అక్కడా అడిగి చూడండి.

మీ భయం ఎంతుందో కొలవడానికి ఐదు ప్రశ్నల పట్టిక ఒకటి 1995 నుంచి వాడుకలో ఉంది. రేపు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలంటే ఎలా ఉంటుంది, బయట కూర్చున్నప్పుడు, డ్రిల్ పెడతారంటే, క్లీనింగ్ అంటే, సూది అంటే. మొత్తం 5 నుంచి 25 మార్కులు. 19, ఆ పైన వస్తే బాగా ఎక్కువ భయం కింద లెక్క. ఆ అంకె చీటీ మీద రాసి డాక్టర్ చేతికివ్వండి, నోటితో చెప్పక్కర్లేదు. లోపలికి వెళ్ళాక చేయి ఎత్తితే ఆపాలని ముందే ఒప్పందం చేసుకోండి.

కొబ్బరితోట:

డాక్టరు గారూ, గౌరవంగానే అడుగుతున్నాను. చేయి ఎత్తితే అందరూ ఆపుతారా? పూర్తి మత్తుకి ముందు ఒకచోట మామూలుగానే ప్రయత్నించాను. చేయి ఎత్తాను. "అయిపోయిందమ్మా, అయిపోయింది" అంటూనే ఆయన పని కానిచ్చారు. ఇంకా పావుగంట పట్టింది. ఆ తర్వాతే నేను మెలకువగా కూర్చోనని తేల్చుకున్నాను. పోయిన పళ్ళలో ఒకటి నిలిచేదంటే నిలిచేదేమో. ఆ పావుగంట మళ్ళీ పడే కన్నా ఆ పన్ను పోయినా నాకు బాధ లేదు.

దవడపన్ను:

మీరు చెప్పింది నిజం, దానికి నా దగ్గర సమాధానం లేదు. బయట పదిమంది ఎదురుచూస్తుంటే ఆ "అయిపోయింది" నా నోటి నుంచీ వచ్చింది. మొదటి ఏళ్ళలో ఎన్నోసార్లు. అలా అనకూడదని ఒక రోగి ముఖం మీదే చెప్పాక మానేశాను.

లెక్కల టీచరు (తణుకు, రిటైర్డ్):

నాకు 57వ ఏట పోయింది ఈ భయం. పోయిందంటే పూర్తిగా కాదు, ముందురోజు రాత్రి ఇప్పటికీ నిద్ర సరిగా పట్టదు. కానీ వెళ్తున్నాను.

మా కోడలు వెతికిన డాక్టరమ్మ మొదటిరోజు ఏ పనిముట్టూ పట్టుకోలేదు. కుర్చీ వెనక్కి వాలగానే నాకు ఊపిరాడనట్టు అయింది. "పడుకోబెట్టను, సగం వాల్చి ఉంచుతాను" అన్నారు. అప్పుడు తెలిసింది, నా భయంలో సగం ఆ వెల్లకిలా పడుకోవడమే. నోట్లో నీళ్ళు గొంతులోకి పోతాయేమోనని. నా చేతికి చిన్న అద్దం ఇచ్చి, మీ పళ్ళు మీరే చూసుకోండి అన్నారు. అరవైకి దగ్గరపడుతూ నా దవడ పళ్ళు నేను చూసుకోవడం అదే మొదటిసారి.

రెండోసారి క్లీనింగ్. "పది లెక్కపెడతాను, పది అనగానే ఆపుతాను" అన్నారు. పదికి ఆపారు. మళ్ళీ పది, మళ్ళీ ఆపారు. నాలుగో పదికి నా భుజాలు కిందికి దిగాయి. తొమ్మిది దగ్గర కాదు, పదకొండు దగ్గర కాదు, సరిగ్గా పదికి. నేను ఆవిడని నమ్మింది ఆ ఆపడం చూసే.

రేవు దాటి వచ్చే తమ్ముడూ, మొదటి రోజు ఊరికే పోదు. అమ్మగారికి ఎక్స్‌రే, చూడడం ఆ రోజే అయిపోతాయి. అవసరమైతే ఒక క్లీనింగ్ కూడా. నాకు మొత్తం నాలుగుసార్లు పట్టింది. కొబ్బరితోట గారు అన్నది మాత్రం నేను కొట్టిపారేయను. నా పళ్ళలో చీము లేదు, అందుకే అంత నింపాదిగా వెళ్ళగలిగాను.

రేవు దాటి:

నమస్కారం టీచరు గారూ. పది లెక్క మాట అమ్మకి చదివి వినిపించాను. "లెక్క నేను పెడతానంటే ఒప్పుకుంటారా" అని అడిగింది.

చెరువుగట్టు:

అందరికీ దణ్ణాలండి. రెండు రోజులు ఆలోచించి నిన్న వెళ్ళాను, మా ఆవిడ తోడుగా వచ్చింది. ఐదు ప్రశ్నలకి 22 వచ్చింది. చీటీ ఇస్తుంటే చేయి వణికింది. ఆయన చదివి, తలుపు మూయించి, పక్కగదిలో డ్రిల్ ఆపించారు. ఎక్స్‌రే తీశారు. పొక్కు ఉన్నా పన్ను వేళ్ళు గట్టిగానే ఉన్నాయట, రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే నిలుస్తుందన్నారు. పూర్తి మత్తు సంగతి అడిగితే, కావాలంటే ఆసుపత్రికి రాసిస్తాను గానీ అక్కడైతే దీన్ని తీసేయడమే అవుతుందన్నారు.

మా ఆవిడ ఇంకా పూర్తి మత్తే అంటోంది, పన్ను పోతే పోయింది అంటోంది. నాకు ఆ పన్ను కావాలి. బుధవారం పది గంటలకి రమ్మన్నారు, ముందు ఒక మాత్ర ఇచ్చారు. శుక్రవారం చెరువు పట్టుబడి ఉంది, దాన్ని సోమవారానికి జరిపాను. బుధవారం సాయంత్రం వచ్చి రాస్తాను, మధ్యలో లేచి వచ్చేసినా అదే రాస్తాను.