క్రిస్మస్ చెట్టు అన్యాచారమా?

నీలాంబరం: మా కాపరి గారు మొన్న ప్రసంగంలో ఇంట్లో క్రిస్మస్ చెట్టు నిలపడం విగ్రహారాధనే అన్నారు. యిర్మీయా 10వ అధ్యాయం చదివారు. అడవిలో చెట్టు నరికి, వెండి బంగారాలతో అలంకరించి, కదలకుండా మేకులు కొడతారని అక్కడ ఉంది. ఏటా సరుగుడు కొమ్మ తెప్పించి అలంకరించే మా అమ్మ ఆ రోజు నుంచి దిగులుగా ఉంది. నిజంగా ఇది అన్యుల ఆచారమేనా?

పాత అటక: తరువాతి వచనం కూడా చదవండి. అవి మాట్లాడలేవు, నడవలేవు, ఎవరైనా మోయాలి అంటాడు ప్రవక్త. చెక్కతో చేసిన విగ్రహాల గురించిన మాట అది.

క్రిస్మస్ చెట్టు ఆనవాళ్లు దొరికేది రైన్ నది ఒడ్డున, ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఆల్సాస్ ప్రాంతంలో. సెలెస్టా పట్టణపు 1521 నాటి లెక్కల్లో, పండుగ ముందు అడవిలో చెట్లకు కాపలా కాసినవారికి నాలుగు షిల్లింగులు ఇచ్చినట్టు ఉంది. ఇళ్లలో ఫర్ చెట్లు (ఏడాదంతా పచ్చగా ఉండే, సూదుల్లాంటి ఆకుల చెట్లు) నిలిపి రంగు కాగితపు గులాబీలు, ఆపిల్ పండ్లు, బంగారు రేకులు, చక్కెర వేలాడదీస్తారని 1605లో అక్కడి స్ట్రాస్‌బర్గ్ నగరం గురించి ఒకరు రాశారు. క్రైస్తవుల ఊళ్లే ఇవన్నీ.

కొండదారి: అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. రోమన్లు శీతకాలపు పండుగకు పచ్చని కొమ్మలు కట్టేవారు. జర్మన్ తెగలు చెట్లను పూజించేవి. వారికి సువార్త ప్రకటించిన మిషనరీ బోనిఫేస్ అలాంటి ఒక చెట్టును నరికితే, దాని స్థానంలో ఫర్ మొక్క మొలిచిందనీ చెబుతారు.

పాత అటక: బోనిఫేస్ 8వ శతాబ్దంలో జర్మనీలోని గైస్మార్‌లో నరికింది ఓక్ చెట్టును. ఆ కలపతో ప్రార్థనాలయం కట్టించాడని ఆయన జీవితం రాసిన విల్లిబాల్డ్ చెప్పాడు. అందులో ఫర్ మొక్క ఊసే లేదు. అది తరువాతివారు అల్లిన కథ. రోమన్ల కొమ్మలకూ స్ట్రాస్‌బర్గ్ చెట్టుకూ నడుమ వెయ్యేళ్లకు పైగా ఖాళీ ఉంది. ఆపిల్ పండ్ల సంగతి చూస్తే నాకు మరో దారి దగ్గరగా తోస్తుంది. డిసెంబరు 24 ఆదాము హవ్వల దినం. ఆ రోజు ఆడే ఏదెను తోట నాటకంలో ఆపిల్ పండ్లు కట్టిన చెట్టును నిలిపేవారు.

నీలాంబరం: మరి క్రిస్మస్‌కు పాడే ‘ఓ టానెన్‌బౌమ్’ (‘ఓ ఫర్ చెట్టూ’) అనే జర్మన్ పాట? అది చెట్టును స్తుతించడమేనని మా యువజన కూటంలో ఒకరన్నారు.

పాత అటక: ఆ పాట మొదట విరహ గీతం. 1820 ప్రాంతంలో ఆగస్ట్ జార్నాక్ రాసిన పాటలో, ఎండాకాలంలోనూ మంచులోనూ పచ్చగా ఉండే చెట్టు నమ్మకాన్ని చూపి, మాట తప్పిన ప్రియురాలు అలా లేదని వాపోయాడు. 1824లో లైప్‌జిగ్ ఉపాధ్యాయుడు ఎర్నెస్ట్ ఆన్షుట్జ్ మొదటి చరణం ఉంచి, మరో రెండు రాశాడు. క్రిస్మస్ ప్రస్తావన అప్పుడే చేరింది. మొదటి చరణంలో ‘ఎంత నమ్మకమైనవి నీ ఆకులు’ అని ఉండేది. ఇప్పుడు చాలామంది ‘ఎంత పచ్చనివి’ అని పాడతారు. ఆ మార్పు నాకు బాధగా ఉంటుంది. పాట ప్రాణమంతా ఆ నమ్మకం అన్న మాటలోనే ఉంది. ఇందులో పూజ ఎక్కడుంది?

కొండదారి: చరిత్ర విషయంలో ఒప్పుకుంటాను, విగ్రహారాధన అనను. అయితే స్ట్రాస్‌బర్గ్ వేదాంతి డాన్‌హౌయర్ 1640లలోనే ఈ చెట్టును పిల్లల ఆట అన్నాడు, ఆచారం ఎక్కడిదో తనకు తెలియదన్నాడు. పిల్లలను క్రీస్తు వైపు నడిపించడం మేలన్నాడు. ఆ మాట మీకూ నాకూ వర్తిస్తుంది.

నీలాంబరం: ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. చెట్టు కింద బెత్లెహేము పశువుల పాక కూడా పెడదాం అంది. రేపు సరుగుడు కొమ్మకు వెళ్తున్నాను.