అప్‌డేట్: రిలీవింగ్ లెటర్ లేకుండానే కొత్త ఉద్యోగం వచ్చింది

హన్మకొండలోని పాత సంస్థ రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం నుంచి విడుదల చేసినట్లు ఇచ్చే పత్రం) ఇవ్వకుండా తిప్పుతోందని, అది లేకుండా మడికొండ ఐటీ పార్కులో కొత్త ఉద్యోగానికి దరఖాస్తు చేయవచ్చా అని ఇంతకుముందు అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఆ ఉద్యోగం వచ్చింది.

మీలో ఒకరు సూచించినట్లే, విషయాన్ని దాచకుండా ఇంటర్వ్యూలోనే చెప్పి, నియామక పత్రం, జీతం స్లిప్పులు, జీతంపై కోసిన పన్నును చూపే ఫారం 16తో పాటు, నా రాజీనామా ఈమెయిల్‌నూ, దానికి పాత మేనేజర్ ‘నోటెడ్’ అని ఒక్క మాటలో ఇచ్చిన జవాబునూ ప్రింటు తీసి చూపించాను. హెచ్‌ఆర్ మేడమ్ అన్నిటికంటే ఎక్కువసేపు పరిశీలించింది ఆ ఒక్క మాటను, దాని పైనున్న తేదీని. కాబట్టి రాజీనామా నోటిమాటగా కాక ఈమెయిల్‌లోనే ఇవ్వాలని గట్టిగా చెబుతాను.

పీఎఫ్ గురించి కూడా అడిగారు. మనం ఉద్యోగం మానేసిన తేదీని పాత సంస్థ నమోదు చేయకపోయినా, చివరి చందా తర్వాత 2 నెలలు గడిస్తే పీఎఫ్‌ను నిర్వహించే ఈపీఎఫ్‌ఓ పోర్టల్‌లోని ‘మార్క్ ఎగ్జిట్’ ద్వారా మనమే నమోదు చేసుకోవచ్చు. ఆ తేదీ చివరి చందా పడిన నెలలోనిదై ఉండాలి. ఓటీపీ ఆధార్‌కు ఇచ్చిన మొబైల్‌కే వస్తుంది. యూఏఎన్ (పీఎఫ్ సభ్యులకు ఇచ్చే శాశ్వత నంబరు) మాత్రం పాతదే కొనసాగుతుంది.

లెటర్ ఇంకా రాలేదు. అది నా కష్టానికి సాక్ష్యం గనుక, అడగడం మానను.