ల్యూకేమియా పాజిటివ్ పిల్లులను సాకుతున్నవాళ్లు చెప్పండి

పాలకొల్లు పిల్లులమ్మ:
మా పెరటి ధాన్యం గదిలో పదిహేడు పిల్లులున్నాయి. అన్నీ కాలువ గట్ల మీద, చేపల మార్కెట్ వెనుక దొరికినవే. పోయిన నెల బెల్లం అనే తల్లిపిల్లి తిండి మానేసింది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం వేసిన గోడలా ఉన్నాయి. రక్తపరీక్షలో ల్యూకేమియా వైరస్, అదే పిల్లి నుంచి పిల్లికి అంటేది, పాజిటివ్ వచ్చింది. మిగతావాటికీ చేయిస్తే మరో రెండింటికి, చుక్కకి, మిరియానికి బయటపడింది. మూడింటినీ వంటగది పక్క కొట్టులోకి మార్చాను. గది వేరైతే చాలా, గిన్నెలూ ఇసుక తొట్టెలూ కూడా వేరుగా ఉండాలా? తిండి ఎలా తినిపిస్తున్నారు? బెల్లం పిల్లలు రెండూ ఎనిమిది వారాలవి, నెగటివ్ వచ్చాయి. నమ్మవచ్చా? చూసిన డాక్టరు మూడింటికీ ఇంజెక్షన్ ఇచ్చి బాధ తీర్చేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. దాని మీద మాత్రం సలహాలు వద్దు.

నరసాపురం రేవు:
తిండి సంగతి నేను చెబుతానండి. మా ఎర్రయ్యకు పాజిటివ్ అని తెలిసి రెండేళ్లు దాటింది. రోజూ పొద్దున పడవలు వచ్చే వేళకు వెళ్లి కవళ్ల చేపలు తెచ్చి పచ్చివే వేస్తాను. తోక నిటారుగా ఎత్తుకుని తిరుగుతున్నాడు. ఉడికిస్తే సారమంతా నీళ్లలో పోతుంది. రేవులో పుట్టిన పిల్లికి ఎవరు వండి పెట్టారు?

భీమవరం చెరువుగట్టు:
దయచేసి ఈ మాట నమ్మి ఎవరూ పచ్చిచేప పెట్టకండి. నేనూ నెలల తరబడి అలాగే పెట్టాను. ఒకరోజు మా తెల్లపిల్లి తల రొమ్ముకు ఆనించుకుని నిలబడిపోయింది. గడ్డం కింద వేలు పెట్టి ఎత్తితే మళ్లీ వాలిపోయింది. రెండడుగులు వేస్తే వెనుక కాళ్లు తడబడ్డాయి. కొన్ని రకాల పచ్చిచేపల్లో బి1 విటమిన్‌ను నాశనం చేసే ఎంజైము ఉంటుందని, ఉడికిస్తే అది పనిచేయదని అప్పుడే తెలిసింది. బి1 సూదులు పడ్డాక గాని తల ఎత్తలేదు. దానికి ల్యూకేమియా కూడా లేదు. ఒంట్లో రక్షణ శక్తి సన్నగిల్లిన పిల్లికి పచ్చిచేపలోని క్రిములు, పురుగులు అదనపు గండం.

నరసాపురం రేవు:
మీవి చెరువు చేపలు, మావి సముద్రపు చేపలు. రెండింటినీ ఒకే గాటన కడితే ఎలా?

భీమవరం చెరువుగట్టు:
నేను పెట్టినవీ కవళ్లేనండి. మీ వైపు నుంచి ఐసు పెట్టెలో వచ్చినవే. ఊరి పేరు భీమవరం అనగానే చెరువు చేప అనుకున్నారు. ఆ తల వాలిన పిల్లిని ఒళ్లో పెట్టుకుని రాత్రంతా కూర్చున్నది నేను. నాకు కోపం రాకుండా ఎలా ఉంటుంది?

అమలాపురం కొబ్బరితోట:
మీరిద్దరూ చేప దగ్గరే ఆగిపోయారు. మన ఇళ్లలో అసలు విషం చేపల పులుసు. మిగిలింది కదా అని అన్నంలో కలిపి వేస్తాం. అందులో ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ల్యూకేమియా పిల్లికి రక్తం ముందే తక్కువ. మా అత్తయ్య ప్రేమగా పెట్టిన పులుసన్నంతో మా బూడిదరంగు పిల్లి మూత్రం ఎర్రగా మారింది. ఆమెను ఏమీ అనలేకపోయాను. ఇప్పుడు కోడి రొమ్ము ముక్క ఉప్పు, పసుపు, ఉల్లి ఏదీ లేకుండా ఉడికించి పెడుతున్నాం.

కాంపౌండరు:
ఇరవై రెండేళ్లు పశువైద్యశాలలో పనిచేశాను. గేదె నుంచి చిలుక దాకా నా చేతి సూది పడని జీవం లేదు. ఇన్ని మాటలు అక్కర్లేదు. మూడు రోగాలకు కలిపి ఇచ్చే టీకా వేయించండి, ల్యూకేమియా దరి చేరదు. ఇక పిల్లలకు ఆరు నెలలు నిండేదాకా పరీక్షే దండగ. తల్లి యాంటీబాడీల వల్ల తప్పు ఫలితం వస్తుంది.

గన్నవరం విద్యార్థిని:
బాబాయి గారూ, రెండూ సరికాదు. ఆ టీకాలో ఉన్నది పాన్‌ల్యూకోపీనియాకు. పేరు వినడానికి దగ్గరగా ఉంటుంది కానీ అది పార్వో జాతి వైరస్, ఇది రెట్రోవైరస్. 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం కనిపెట్టింది ఈ రెండోదాన్నే. తల్లి యాంటీబాడీలు తికమక పెట్టేది ఎఫ్ఐవీ పరీక్షను, అంటే పిల్లుల రక్షణ శక్తిని దెబ్బతీసే మరో వైరస్ పరీక్షను. ల్యూకేమియా పరీక్ష వెతికేది వైరస్ ప్రొటీన్‌ను, కాబట్టి ఏ వయసు పిల్లకైనా చేయవచ్చు. అయితే వైరస్ సోకిన మొదటి వారాల్లో రక్తంలో కనబడకపోవచ్చు. పిల్లులమ్మ గారూ, ఆ రెండు పిల్లలను తల్లికీ మిగతావాటికీ దూరంగా ఉంచి, నెల దాటాక మళ్లీ పరీక్ష చేయించండి.

కాంపౌండరు:
నువ్వు పుట్టకముందే నేను అర్ధరాత్రి దూడలను బయటికి తీశానమ్మా. పుస్తకం చదివి పెద్దవాళ్లను తప్పు పట్టడం తేలిక.

గన్నవరం విద్యార్థిని:
మీ చేతి అనుభవం నాకు లేదు, ఒప్పుకుంటాను. కానీ మీ మాట విని ఎవరైనా టీకా వేయించేశాం కదా అని అన్నిటినీ ఒకే గిన్నెలో తిననిస్తే? ఈ వైరస్ లాలాజలంలో ఉంటుంది. ఒకదాన్నొకటి నాకడం, గిన్నె పంచుకోవడం, కరవడం, తల్లి పాలు, ఇవే దారులు. అందుకే గట్టిగా చెప్పాను.

రావులపాలెం వంతెన:
జ్వరం వస్తే ఇంట్లో ఉన్న పారాసిటమాల్ సిరప్ వేయకండి. నేను వేశాను. అర చెంచా కూడా కాదు. నాలుక నీలిరంగుకు తిరిగింది. ఇంతకంటే రాయలేను.

రాజోలు లంక:
గది వేరు చేయడం మామూలు రోజుల మాట. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా లంకలో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. పాజిటివ్‌వి రెండు, మంచివి ఐదు, అన్నిటినీ ఒకే డాబా మీద టార్పాలిన్ కింద ఉంచాను. నాలుగు రోజులు ఒకే పళ్లెం, ఒకే వాన. చలికి ఒకదానికొకటి ఆనుకుని పడుకుంటుంటే విడదీయడానికి నాకు చేతులు రాలేదు. తర్వాత ఒకటి పాజిటివ్‌గా తేలింది. మంచివాటిలోకెల్లా చిన్నది. ఇప్పుడు ప్రతి జూన్‌లో రొయ్యల ప్లాస్టిక్ ట్రేలు రెండేసి బోర్లించి వైరుతో కట్టి, పిల్లికొకటి చొప్పున అటక మీద సిద్ధంగా పెడుతున్నాను.

అమలాపురం కొబ్బరితోట:
ఆ ట్రేల ఫొటో పెట్టగలరా? మాకు ఈ ఏడు అవసరం పడేలా ఉంది.

పాలకొల్లు పిల్లులమ్మ:
గిన్నెల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

గన్నవరం విద్యార్థిని:
క్షమించండి. గిన్నెలు, తొట్టెలు వేరుగానే ఉంచండి. వైరస్ బయట గంటలకు మించి నిలవదు, సబ్బునీళ్లకు చచ్చిపోతుంది. ముందు మంచివాటి పని ముగించి, తర్వాత పాజిటివ్‌ల కొట్టులోకి వెళ్లండి. మనుషులకు, కుక్కలకు అంటదు. బెల్లానికి రక్తహీనత ఉంది కాబట్టి హీమోప్లాస్మా, అంటే ఎర్ర రక్తకణాలను పట్టే క్రిమి, కూడా ఉందేమో చూడమని అడగండి. ఈ పిల్లుల్లో అది తోడవుతుంటుంది, దానికి మందు ఉంది. పిడుదులు, పేలు లేకుండా చూడండి. మిగతా రెండింటికీ పరీక్ష మళ్లీ చేయించండి, ఒక్క కిట్ మాట మీద తీర్పు ఇవ్వకూడదు.

నరసాపురం రేవు:
నిన్న కవళ్లు ఉడికించి ముళ్లు తీసి పెట్టాను. ఎర్రయ్య వాసన చూసి వెళ్లిపోయాడు. చూశారా?

భీమవరం చెరువుగట్టు:
ఒక్క పూటకు అలవాటు మారదండి. ఉడికించిన నీళ్లు గోరువెచ్చగా ఉండగానే ముక్క మీద పోసి పెట్టండి. ముక్కు దిబ్బడ ఉన్న పిల్లి వాసన తగిలితేనే మూతి పెడుతుంది. చల్లారితే మళ్లీ వెచ్చబెట్టండి.

పాలకొల్లు పిల్లులమ్మ (ఆరు వారాల తర్వాత):
చుక్కకు రెండోసారి నెగటివ్ వచ్చింది. వైరస్ లోపల అణగి ఉండవచ్చని డాక్టరు చెప్పారు, అందుకని ఇంకా వేరుగానే ఉంచాను. మిరియానికి మళ్లీ పాజిటివే, కానీ ఎలుక కనబడితే గోడెక్కుతోంది. పిల్లలు రెండూ నెగటివ్. బెల్లానికి హీమోప్లాస్మా ఉందని తేలి డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. మాత్ర గొంతులో అడ్డుపడకుండా వెంటనే సిరంజితో నీళ్లు పోస్తున్నాను. చిగుళ్లకు కాస్త గులాబీ రంగు వచ్చింది. ఇవాళ వెచ్చటి కోడినీళ్లలో నాలుగు ముక్కలు తిని, నా మోచేతి మీద తల పెట్టి పడుకుంది. రాజోలు వారూ, ఆ ట్రేలకు ఏ సైజు వైరు వాడారు?