షెల్టరుకి ర్యాంపు కడితే సరిపోయిందా?

సోంపేట సుబ్బు: 2018 అక్టోబరు 10 రాత్రి, తెల్లారితే తిత్లీ తుఫాను. మా బాబాయికి పోలియో, రెండు కాళ్లూ పడిపోయాయి. ఊరి తుఫాను షెల్టరుకి ర్యాంపు ఉంది. దాని మీద వలల మూటలు, చివర తలుపుకి తాళం. వీపున వేసుకుని మెట్లెక్కించాను. మన దేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందంలో 32వ అధికరణం ఉంది, అంతర్జాతీయ అభివృద్ధి సాయంలో వికలాంగుల్ని కలుపుకోవాలని. ఆ షరతుల వల్ల మన ఊళ్లకి ఒరిగిందేంటి? ర్యాంపు ఫొటోనా?

రాజాం ఇంజనీరు: వాలు ఎంత? అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలి.

నాగావళి: తాళం చూసి ఒప్పందాన్ని తిడితే ఎలా సుబ్బూ? 2000లో పేదరికం తగ్గించే వెలుగు పథకం వచ్చింది ప్రపంచ బ్యాంకు అప్పుతోనే. మొదటి ఆరు జిల్లాల్లో మన శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. వికలాంగులకి వేరే సంఘాలు పెట్టారు. మా చెల్లికి వినపడదు. చుట్టాలొస్తే వెనక గదిలోకి పంపేసేవారు. సంఘంలో చేరాక పొదుపు పుస్తకం పట్టుకుని ఒక్కతే బ్యాంకుకి వెళ్లేది. 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా ఆ ఒప్పందం వల్లే. చట్టం గుర్తించే వైకల్యాలు 7 రకాల నుంచి 21 అయ్యాయి, ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషను 3 శాతం నుంచి 4 అయింది. 2025లో బెర్లిన్‌లో జరిగిన ప్రపంచ వికలాంగుల సదస్సులో ఇంకో మాట అనుకున్నారు: దేశాల్లో నడిచే అంతర్జాతీయ అభివృద్ధి కార్యక్రమాల్లో కనీసం 15 శాతానికి వికలాంగుల్ని కలుపుకోవడం ఒక లక్ష్యంగా ఉండాలని.

చీపురుపల్లి చిన్నా: పింఛను 3 వేల నుంచి 6 వేలు చేశారుగా. ఇంకేటి కావాలండీ?

సోంపేట సుబ్బు: చిన్నా, ఆ 6 వేలు జేబులో పెట్టుకుని చంకకర్రతో ఆ మెట్లెక్కి చూపించు. అక్కా, మీ 15 శాతంలో ఈ ర్యాంపునీ లెక్క రాసేసుకుంటారు. మా దగ్గర వికలాంగుల మీటింగే ఓసారి మేడ మీద పెట్టారు. బాబాయి కింద టీ కొట్టు దగ్గర కూర్చున్నాడు. సంతకాల పుస్తకం మాత్రం కిందికి దిగొచ్చింది.

రాజాం ఇంజనీరు: మాస్టారూ, వాలు చెప్పలేదు.

సోంపేట సుబ్బు: వాలు కాదయ్యా, తాళం!

నాగావళి: ఇంత రాశావు, బాబాయి ఏమన్నాడో ఒక్క ముక్కయినా రాశావా? మా చెల్లి తరఫున నేనూ ఇలాగే మాట్లాడేదాన్ని. ఓ రోజు నా చెయ్యి తోసేసి తనే సైగ చేసి చెప్పుకుంది.

సోంపేట సుబ్బు: ఆ గాలిలో మోసింది నేను. మీరు కాదు.

సోంపేట సుబ్బు: నేను బాబాయిని, వీడి ఫోనులోంచి. అంతా చదివించుకున్నాను. మోశాడు, కాదనను. నా మూడు చక్రాల బండి కూడా లోపల పెట్టమన్నాను, తర్వాత చూద్దాంలే అన్నారు. పొద్దున్నకి దాని మీద కొబ్బరిచెట్టు. ఎనిమిది నెలలు వీధిలోకి రాలేదు నేను. తాళం ఎవరింట్లో ఉంటుందో నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు.

రాజాం ఇంజనీరు: పెద్దాయనా, ఆ ర్యాంపు వాలు ఎలా ఉంటుందండీ?

సోంపేట సుబ్బు: ఎక్కితే కదయ్యా చెప్పడానికి.