పేరు వెట్టుడా, పేర్లు వెట్టుడా?

రమాదేవి, హన్మకొండ:
మా అమ్మ అన్న ఒక మాట దగ్గర నాకూ మా అక్క కొడుక్కూ వాదం తెగుతలేదు. ఒక్క అక్షరం తేడా. మీరే చెప్పాలె.

రెండేండ్ల కింద వాడు ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగాలు వెతుక్కుంటున్న రోజులు. వాని పేరు కొమురయ్య, తాత పేరు. మాది కొమురెల్లి మల్లన్న మొక్కున్న ఇల్లు. హైదరాబాదుల ఒక ఇంటర్వ్యూకు పోతే, ఎదురుగ కూసున్నాయన రెజ్యూమే చూసి "ఇది మీ నాయన పేరా, నీ పేరా?" అన్నడట. పక్కనున్నాయన నవ్విండట. ఆ రాత్రి ఇంటికొచ్చి మంచం మీద లాప్‌టాప్ పెట్టుకొని, పేరును చివరి నుంచి ఒక్కొక్క అక్షరం కొట్టేసుకుంట వచ్చిండు. మొత్తం పోయినంక కాసేపు ఖాళీ గీతను చూసి "కుమార్" అని కొట్టిండు. అమ్మ పక్కనే చింతపండు గింజ తీస్తున్నది. ఏం చేస్తున్నవురా అంటే చెప్పిండు. అప్పుడన్నది:

"పేరు వెట్టినోళ్ళం మేముండంగ, పేర్లు వెట్టెటోడు ఎవడురా?"

నాకు "పేర్లు" అన్నట్టే యాదికున్నది. నీకు వంక పెట్టినోడు ఎవడు అని, వాని దిక్కు నిలబడి అన్న మాట. వాడేమో "పేరు" అన్నది అంటడు. మేం పెట్టిన పేరుండంగ ఇంకో పేరు పెట్టుకునేటోనివి నువ్వెవనివి అని తననే తిట్టింది అంటడు. అమ్మ పోయి ఏడాది దాటింది. ఉద్యోగం మారాలని మొన్న మళ్ళ రెజ్యూమే తీసిండు, మళ్ళ ఈ మాట లేచింది. ఇది సామెతనా, అమ్మ సొంత మాటనా? మీ ఇండ్లల్ల విన్నరా?

సాంబశివరావు, జమ్మికుంట:
"పేర్లు" అనే అని ఉంటుందమ్మా. ఏకవచనమైతే నామకరణం, బహువచనమైతే తప్పులెన్నడం. మీ అమ్మగారు ఆ రెంటినీ ఒక్క వాక్యంలో ఎదురెదురుగా కూర్చోబెట్టారు. రెండుచోట్లా "పేరు" అంటే ఆ విరుపే లేదు. ఇంకొకటి, "వెట్టు" అని ఉన్నదున్నట్టు రాసినందుకు సంతోషం. అది మొరటు మాట కాదు, గసడదవాదేశం, అంటే ముందు మాటతో కలిసినప్పుడు "పెట్టు"లోని ప వ-గా మారే సంధి. చిన్నయ సూరి సూత్రంలో పెట్టినదాన్ని మన ముసలమ్మలు నోట్లో పెట్టుకొని తిరుగుతున్నారు.

స్వరూప, కరీంనగర్:
సార్, మా అత్తమ్మ ఏకవచనంలనే అంటది. "పేరు వెట్ట సందు లేకుంట వండింది" అని. అట్లయితే "పేరు" అన్నా వంక పెట్టుడే అయితది. కొమురయ్య విన్నదీ నిజమే, రమక్క చెప్పే అర్థమూ నిజమే.

సాంబశివరావు:
"వంక వెట్ట సందు" అనేదానితో కలిసిపోయి ఉంటుంది.

స్వరూప:
అత్తమ్మ ఎదురుగనే ఉన్నది సార్, మళ్ళ అడిగిన. పేరే అంటున్నది.

మాధవ్, నిర్మల్:
దీని వేరు మరాఠీలో ఉంది. మాకు బాసర దాటితే వినపడేది అదే. "నావ్ ఠేవణే" అంటే పేరు పెట్టడం. "నావఁ ఠేవణే" అంటే తప్పులు పట్టడం. తేడా అంతా ఆ చివరి అరసున్నలోనే. అచ్చంగా మన పేరు, పేర్లు.

సాంబశివరావు:
పోలిక ఉన్నంత మాత్రాన అప్పు తెచ్చుకున్నట్టు కాదు. వాళ్ళే మన దగ్గర నేర్చుకున్నారేమో.

ఖాజా, కాజీపేట:
బాసర దాకా ఎందుకు సార్, మా ఇంటికి రండి. దక్కనీల "నామాఁ రఖ్నా" అంటం, ఎగతాళికీ వంకలకూ. బిడ్డకు పెట్టేది నామ్, బయటోళ్ళు పెట్టేవి నామాఁ. నేను రమక్క దిక్కు.

కానీ నా మనసు ఆ మాట దగ్గర కాదు, అంతకు ముందరి సంగతి దగ్గర ఆగింది. నేను డిగ్రీ అయినంక లెక్కలు రాసే పనికి ఒక దుకాణానికి ఫోన్ చేసిన. పరకాలల పుట్టి పెరిగిన తెలుగు నాది. ఆయన అన్నీ అడిగిండు, టాలీ వస్తదా, ఎంత ఆశిస్తున్నవు, ఎప్పుడు చేరతవు. రేపు 10 గంటలకు రమ్మన్నడు. ఆఖరుకు "పేరు చెప్పు బాబూ, రాసుకుంట" అన్నడు. చెప్పిన. ఫోన్ల కొంచెంసేపు చప్పుడు లేదు. "మా అన్ననడిగి మళ్ళ చేస్త" అని పెట్టేసిండు. తెల్లారి ఇస్త్రీ అంగీ వేసుకొని 10 దాకా ఆ ఫోన్ ముందల్నే కూసున్న.

చాన్నాళ్ళకు సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్‌వెల్ 2007ల అచ్చేసిన పరిశోధన చదివిన. పేపర్లల్ల వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపిండ్రు. చదువులు సమానం, పేర్లే వేరు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపొచ్చే అవకాశం మూడింట రెండొంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక్క వంతు. ఆ లెక్క చదువుతుంటే ఆ కొంచెంసేపు చప్పుడు లేకపోవుడు మళ్ళ చెవుల పడ్డది.

శ్రీలత, బళ్ళారి (పుట్టిల్లు హుజూరాబాద్):
ఖాజా తమ్మీ, చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు.
మాట సంగతి ఒక్కటి చెప్పి ఊరుకుంట. కన్నడంలో "హెసరిడు" అంటే పేరు పెట్టడం, వంక పెట్టడం కూడా. "హెసరిడువంతిల్ల" అంటే వంక పెట్టేందుకు లేదని. అక్కడ ఏకవచనమే. స్వరూప వాళ్ళ అత్తమ్మ మాట కొట్టెయ్యకండి సార్.

సాంబశివరావు:
సరేనమ్మా. అయితే ఒకటి వినండి. ఈ మరాఠీ, ఆ కన్నడం ఒక్క కప్పు కింద ఉన్న ఇల్లు మన ఓరుగల్లులోనే ఉండేది. కాళోజీ తండ్రిది మరాఠీ, తల్లిది కన్నడం. అన్న రామేశ్వరరావు "షాద్" అనే పేరుతో ఉర్దూ కవి. తాను తెలుగులో రాశారు. పుట్టింది రట్టిహళ్ళిలో, పెరిగింది మడికొండలో. పూర్తి పేరు రఘువీర్ నారాయణ లక్ష్మీకాంత శ్రీనివాస రామరాజా కాళోజీ. అంత పేరునూ ఈ ఊరు కాళన్న చేసుకుంది. ఎవరైనా తప్పు చేస్తే ఆ ఇంట్లో "హెసరు" పెట్టేవారో "నావఁ" పెట్టేవారో అడగాలన్న బుద్ధి నాకు అప్పుడు పుట్టలేదు. ఎదురుగా ఎన్నిసార్లో కూర్చున్నాను.

మాధవ్:
వరంగల్ హెల్త్ యూనివర్సిటీ ఇచ్చే ప్రతి డాక్టరు పట్టా మీద ఇప్పుడు ఆయన పేరే. 2002లో పోయాక దేహాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకే ఇచ్చారు.

ఐలయ్య, హుస్నాబాద్:
కాళన్న మీద నాకెంత ప్రేమున్నదో చెప్పలేను, కానీ పిల్లగాన్ని ఇడిచిపెడుతున్నం. నా పేరు ఐలోని మల్లన్నది. కొమురయ్య కొమురెల్లి మల్లన్నది. ఓదెలు ఓదెల మల్లన్నది, రాజయ్య యాములాడ రాజన్నది, సమ్మయ్య, సారయ్య మేడారం తల్లులయి. ఏ పేరు ఏ గుట్టకు మొక్కి పెట్టిండ్రో చెప్పొచ్చు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే పెంట మీద పండవెట్టి తెచ్చుకున్నోడు పెంటయ్య. బతకాలని పెట్టిన పేరది. అసువంటి పేరును కాయిదం మీద చూసి నవ్వేటోనికి, ఆ తల్లి ఎంతమందిని మట్టిల పెట్టిందో తెలుసా? 1946ల కడవెండిల తూటాకు నిలబడ్డది దొడ్డి కొమురయ్య. విసునూరు దొర మీద నిలబడ్డది ఐలమ్మ. హైదరాబాదుల ఆడపిల్లల యూనివర్సిటీకి ఇప్పుడు ఐలమ్మ పేరున్నది. పట్టా మీద ఆ పేరు పనికొస్తది, దరఖాస్తు మీద మా పేరు పనికిరాదా?

లక్ష్మణ్, డాలస్:
ఐలన్నా, ఇక్కడా ఇదే. బెర్ట్రాండ్, ములైనాథన్ 2004లో అచ్చేసిన పరిశోధన ఉంది. బోస్టన్, షికాగోల ఉద్యోగాలకు దాదాపు 5,000 రెజ్యూమేలు పంపిండ్రు. ఎమిలీ, గ్రెగ్ అనే తెల్లవాళ్ళ పేర్లకు సుమారు 10 పంపితే ఒక ఫోన్ వచ్చింది. లకీషా, జమాల్ అనే నల్లవాళ్ళ పేర్లకు 15 పంపితే ఒకటి. నాతో పనిచేసే నల్లజాతి అమ్మాయి మొదటి పేరును ఒక్క పొడి అక్షరం చేసుకొని తిరుగుతది. వాళ్ళ నాయనమ్మ పేరట అది. నేను ఆ పేరు మొత్తం అడిగిన రోజు ఆమె నాకు అక్షరం అక్షరం పలికి నేర్పింది.

స్వరూప:
నాకొకటి తట్టింది. కొమరుడు అంటే కొడుకే కదా, కుమారుడికి తద్భవం. అయితే పిల్లగాడు పేరు మార్చిండా, మార్చలేదా?

సాంబశివరావు:
భలే పట్టావమ్మా! కొమురెల్లిని కుమారవెల్లి అనేవాళ్ళూ ఉన్నారు. వికృతి కొట్టేసి ప్రకృతి పెట్టాడు, అంతే.

ఐలయ్య:
అంతే అంటే ఎట్ల సార్. మాట ఒకటే, సంస్కృతం అంగీ తొడిగితే కుర్చీ వేస్తరు, తెలుగు అంగీతోటి పోతే నవ్వుతరు. నొప్పి అక్కడున్నది.

సాంబశివరావు:
నిజమే ఐలయ్యా. నేను మాటనే చూశాను.

మాధవ్:
ఒకే వేరు అయితే "పేరు వెట్టెటోడు" అని అమ్మమ్మ వాణ్ణి తిట్టే అవసరం లేదు. "పేర్లు" అనే నా ఓటు.

స్వరూప:
అమ్మమ్మకు తద్భవాలతో ఏం పని? ఆమెకు వినపడ్డది తన పెనిమిటి పేరు పోవుడు.

రమాదేవి:
అందరికీ దండాలు. ఖాజా తమ్మీ, నీది కొమురయ్యకు చదివి వినిపించిన. సార్, ఒక సంగతి ముందే చెప్పాల్సింది. అమ్మ నోట్లె ఆ యాళ్ళ తమలపాకు ఉండె. "ర్లు" ఉన్నా బయటికి సరిగ రాకపోవచ్చు. వాడు మంచం మీద, నేను వంటింటి గడప కాడ. వానికే దగ్గర. రెజ్యూమేల కొమురయ్య అనే రాసి నిన్న పంపిండు, ఇంకా పిలుపు రాలే. అమ్మ చెల్లె పరకాలల ఉన్నది, ఇద్దరి మాట ఒక్క తీరే. ఆదివారం వాణ్ణి తీసుకొని పోయి ఆమెతోటి అనిపిస్త.

స్వరూప:
ఆమెకు తమలపాకు ఇయ్యకుండ్రి అక్కా, అయినంక ఇయ్యుండ్రి.

సాంబశివరావు:
ఫోన్‌లో పట్టుకోండమ్మా. వెట్టు అంటారో బెట్టు అంటారో అది కూడా వినండి.