1864 నాటి ‘టార్పెడో’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: అమెరికా అంతర్యుద్ధం మీద వ్యాసం తెలుగు చేస్తున్నాను. 1864 ఫిబ్రవరి 17 రాత్రి చార్ల్‌స్టన్ రేవు బయట దక్షిణాది పక్షపు హన్లీ అనే జలాంతర్గామి ‘టార్పెడో’తో ఉత్తరాది పక్షపు హౌసటానిక్ అనే యుద్ధనౌకను ముంచింది. ఆ మాటను అలాగే ఉంచేయనా?

మొదటి సభ్యుడు: ఉంచేయండి. పత్రికలు చదివేవారందరికీ తెలిసిన మాటే. కొత్త సమాసం అల్లితే పాఠకుడు అక్కడే ఆగిపోతాడు.

రెండో సభ్యురాలు: తెలిసిన మాట కావడమే చిక్కండీ. ఇప్పుడు టార్పెడో అంటే గొట్టంలోంచి వెలువడి నీళ్లలో తనంతట తాను దూసుకుపోయేది. ఇంగ్లీషు ఇంజనీరు వైట్‌హెడ్ అలాంటిదాన్ని తయారుచేసింది 1866లో. హన్లీ మోసుకెళ్లింది తుపాకిమందు కూరిన రాగి డబ్బా. మందే 135 పౌన్లు, అంటే సుమారు 61 కిలోలు. దాన్ని 16 అడుగుల ఇనుప గడ చివర బిగించారు. ఏడుగురు వరుసగా కూర్చుని చేత్తో ఇరుసు తిప్పుతుంటే, లెఫ్టినెంట్ డిక్సన్ దారి చూసుకుంటూ ఆ గడను శత్రునౌక ఒంటికి ఆనించాలి. ఎనిమిది మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. ‘టార్పెడో ప్రయోగించారు’ అని రాస్తే అదంతా మీట నొక్కిన పనిలా తేలిపోతుంది.

మొదటి సభ్యుడు: అయితే మందుపాతర అనవచ్చుగా? అదే ఏడాది ఆగస్టు 5న అలబామా తీరంలోని మొబైల్ అఖాతంలో ఉత్తరాది వారి టెకంసే నౌకను ముంచిన టార్పెడో నీళ్లలో కట్టిపెట్టినదే. ఉత్తరాది నౌకాసేనాని ఫారగట్ లెక్కచేయవద్దన్నాడని చెప్పే టార్పెడోలూ అవే.

రెండో సభ్యురాలు: అక్కడ ‘సముద్ర మందుపాతర’ చక్కగా సరిపోతుంది. హన్లీకి కుదరదు. పాతర వేసింది ఉన్నచోటే ఉంటుంది, ఇది తీసుకెళ్లి పొడిచేది. నన్నడిగితే ‘మందుగడ’ అంటాను.

మూడో సభ్యుడు: పుట్టుక కూడా చూడండి. లాటిన్‌లో టార్పెడో అంటే తాకితే ఒళ్లు మొద్దుబారించే చేప. అలాంటి చేపలు మన తీరంలోనూ ఉన్నాయి. విశాఖపట్నం చేపల మీద 1803లో బొమ్మలతో గ్రంథం తెచ్చిన పాట్రిక్ రస్సెల్ వాటిని ‘తెమిరీ’, ‘నల్ల తెమిరీ’ అని స్థానికుల పేర్లతోనే రాసుకున్నాడు. మన తిమ్మిరే కాదూ! అలాగని ఆయుధానికి ఆ పేరు పెట్టకండి, పాఠకుడు కాళ్లు విదిలించుకుంటాడు.

ప్రశ్న అడిగినవారు: మందుగడ తీసుకుంటున్నాను. మొదటిసారి వచ్చినచోట ‘అప్పట్లో టార్పెడో అని పిలిచిన మందుగడ’ అని రాస్తాను.

మొదటి సభ్యుడు: బాగుంది. శీర్షికలో మాత్రం టార్పెడోనే ఉంచండి, వెతికేవారికి దొరకాలిగా.