అప్‌డేట్: పారిస్ సంతలో కొన్న తెల్ల ఎలుగు సంగతి

పోయిన వారం అడిగాను కదా, పారిస్‌లో పాత సామాన్ల సంతలో మా ఆవిడ ముచ్చటపడి కొన్న జానెడు తెల్ల ఎలుగుబంటి బొమ్మ ఫ్రెంచి శిల్పి ఫ్రాన్స్వా పొంపోన్ చేసిన అసలుదేనా అని. కాదు. తేలిపోయింది.

మీలో ఒకరు చెప్పినట్టు గోటితో కొట్టి చూశాను, టక్‌మని ప్లాస్టిక్ చప్పుడు. పొట్ట కింద వెంట్రుకంత సన్నగా అచ్చులో పోసినప్పటి అతుకు గీత కూడా ఉంది. రెజిన్ కాపీ. అమ్మినాయన మాత్రం "చాలా పాతది" అని ఒట్టేసినంత పని చేశాడు!

కానీ ఈ వంకతో పొంపోన్ గురించి తెలిసింది. ప్రసిద్ధ శిల్పి రోదాఁ దగ్గర ఏళ్ల తరబడి రాళ్లు చెక్కిన సహాయకుడు. పారిస్‌లో జార్దాఁ దె ప్లాంత్ జూకి వెళ్లి జంతువుల నడక గమనించేవాడట. 1922లో పెద్ద తెల్ల ఎలుగు శిల్పంతో పేరొచ్చేసరికి ఆయనకు 67 ఏళ్లు. బొచ్చు లేదు, ముడతల్లేవు, అన్నీ నున్నగా తీసేశాడు. అయినా చూడగానే నడుస్తోందనే అనిపిస్తుంది.

తిరుగు ప్రయాణానికి ముందు పారిస్‌లోనే ఓర్సే మ్యూజియంలో ఆయన రాతి ఎలుగును చూశాం. రెండున్నర మీటర్ల పొడవు. మా ఆవిడ దాని మెడ వంపు చూసి, బ్యాగులోంచి మనదాన్ని తీసి పక్కన పట్టుకుని, "మనది కాస్త బొద్దుగా ఉందండీ" అంది.

ఇప్పుడది మా టీవీ పక్కనే ఉంది. డబ్బులు వెనక్కి అడగలేదు.